కుండ, కుళాయి, పది రోజుల వీబీఎస్: మా చిన్న సంఘం రెండు వేసవులు

మా సంఘం రాజోలు దాటాక, సముద్రం వైపు వెళ్ళే రోడ్డు నుంచి లోపలికి తిరిగితే వచ్చే పేటలో ఉంది. నలభై కుటుంబాలు కూడా ఉండవు. గోడలు గట్టివే గానీ పైన సిమెంటు రేకులు. మా వారు పాస్టరు. సండే స్కూలు, స్త్రీల సమాజం నేను చూస్తాను. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ నేను 'అమ్మగారు'నే. పేరు పెట్టి పిలిచేది మా అమ్మ ఒక్కతే. రెండు వేసవుల్లో వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు బడి), చలివేంద్రం అని మేం చేసిన పని, చేయబోయి చెడగొట్టిన పని రాసి పెట్టమని పక్క ఊళ్ళ సంఘాల వాళ్ళు అడిగారు. చెడగొట్టిందే ఎక్కువ రాస్తాను. బాగా జరిగిందానికి ఫోటోలున్నాయి, అవి చాలు.

వేసవి అంటే మాకు ఎండ కంటే ముందు గుర్తొచ్చేది కాలువ. ఏప్రిల్లో దాళ్వా (రెండో పంట) కోతల వేళకి ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తారు. మళ్ళీ సార్వాకి (తొలకరి పంటకి) నీళ్ళు వదిలేది జూన్ మొదట్లో. కట్టేసేలోపు ఊరి చెరువు నింపుకోవాలి, ఆ నీళ్ళే మళ్ళీ కాలువ వచ్చేదాకా తాగాలి. సముద్రం దగ్గరి ఊళ్ళు కదా, బోరు వేస్తే చాలా చోట్ల ఉప్పునీళ్ళే పడతాయి. గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీద కట్టిన అక్విడెక్టు (కాలువని ఏటి మీదుగా దాటించే వంతెన) దాటుకుని వచ్చే కాలువ నీళ్ళే మా లంక ప్రాణం. మే నెల వచ్చేసరికి చెరువు అడుగుకి పోతుంది, పంచాయతీ కుళాయి నీళ్ళు లేత పచ్చగా వస్తాయి, డబ్బులున్నవాళ్ళు మంచినీళ్ళ ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించుకుంటారు. మా పేటలో చాలామంది కాచుకుని తాగుతారు, లేదా అలాగే తాగేస్తారు.

మొదటి వేసవి

అంతకు ముందు రెండేళ్ళుగా వీబీఎస్‌కి పిల్లలు తగ్గిపోతున్నారు. పట్నం నుంచి వచ్చిన కిట్టు చూసి, ఈసారి పాటలు బాగోలేదనో, బొమ్మలు పాతవనో అనుకున్నాం. కొత్త కిట్టు తెప్పించాం. బ్యానరు వేయించాం. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా, ఎప్పటిలాగే. ఆ టైము ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలీదు. మా అత్తగారి కాలం నుంచీ అంతే.

మూడో రోజు పదకొండున్నర దాటింది. యాక్షన్ సాంగ్ నడుస్తోంది, డెబ్బై మంది పిల్లలు ఒకేసారి ఎగురుతున్నారు. పైన రేకులు, తిరిగేవి రెండే ఫ్యాన్లు. రెండో వరుసలో తొమ్మిదేళ్ళ పిల్లాడు చేతులు పైకెత్తి అలాగే పక్కకి వాలిపోయాడు. ముందు అందరూ నవ్వారు, పాటలో భాగం అనుకుని. నేను వెళ్ళి ఎత్తుకునేసరికి ఒళ్ళు పెనంలా ఉంది, పెదాలు ఎండిపోయి తెల్లగా పొక్కులు కట్టాయి. బాదం చెట్టు కింద పడుకోబెట్టి తడిగుడ్డ వేశాం. తేరుకున్నాక అడిగితే, పొద్దుట ఏమీ తినలేదన్నాడు. వాళ్ళ అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి మూడేళ్ళయింది. నాయనమ్మ తెల్లవారుజామునే ఉపాధి పనికి, కాలువ పూడిక తీతకి వెళ్ళిపోతుంది. వాడికి పొద్దుట అన్నం పెట్టేవాళ్ళు లేరు.

మా సంఘంలోనే ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. కోనసీమలో, నరసాపురం, పాలకొల్లు వైపు ఏ పేటకి వెళ్ళినా ఇదే కథ. నాకిది తెలీదా? తెలుసు. ప్రతి ఆదివారం ఆ తల్లుల పేర్లు చదివి ప్రార్థన చేస్తాం. ఆ పిల్లలు పొద్దున్న ఏం తిని వస్తున్నారో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

చలివేంద్రం కథ ఇంకా ఘోరం. మందిరం గేటు దగ్గర పందిరి వేసి నాలుగు కుండలు పెట్టాం. పేటలోకి బయటివాళ్ళు ఎవరొస్తారు? వచ్చేది మావాళ్ళే, వాళ్ళ ఇల్లు పది అడుగుల్లోనే. అయినా వారం తర్వాత రోడ్డు మీద నుంచి కొంతమంది రావడం మొదలైంది. మా యవ్వనస్థులు ఉత్సాహం ఉన్నవాళ్ళు, గ్లాసు చేతికి ఇస్తూ ఒక కరపత్రం కూడా ఇచ్చేవారు. ఒకరోజు రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చారు. నీళ్ళు తాగి, కరపత్రం రెండు మడతలు పెట్టి, ఖాళీ గ్లాసులో పెట్టి నాకే తిరిగిచ్చారు. "దాహమేసి వచ్చానమ్మా" అన్నారు. అంతే. కోపంగా కూడా అనలేదు. ఆయన మళ్ళీ రాలేదు.

ఇంకో రెండు తప్పులు కూడా చెప్పాలి, ఎందుకంటే ఇవి ప్రాణం మీదకి వచ్చేవి. నీళ్ళు చల్లగా ఉండాలని కుర్రాళ్ళు ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెచ్చి పగలగొట్టి మజ్జిగలో వేశారు. అది రొయ్యలకి, చేపలకి వాడే ఐసు. ఏ నీళ్ళతో చేస్తారో, ఎక్కడ పెట్టి కోస్తారో చూసినవాళ్ళకి తెలుస్తుంది. ఏఎన్ఎం (ఊళ్ళో తిరిగే ప్రభుత్వ నర్సమ్మ) అటుగా వెళ్తూ చూసి, బిందె మొత్తం పారబోయించింది. ఆవిడే రెండోది కూడా పట్టుకుంది: ఓఆర్ఎస్ పొట్లాలు అందాజుగా కుండలో కలిపేస్తున్నారు, పెద్ద కుండకి రెండు, చిన్నదానికి ఒకటి. "పొట్లానికి లీటరు, సగం పొట్లం సగం లీటరు అని లెక్కలు వేయొద్దు, కలిపినది ఆ రోజుకే" అని చెప్పింది. నీళ్ళు తక్కువైతే ఉప్పు ఎక్కువై పసిపిల్లలకి చెరుపు. అసలు దారిన పోయేవాళ్ళందరికీ ఓఆర్ఎస్ ఎందుకు? విరేచనాలు, వాంతులు అయినవాళ్ళకి అది మందు. దాహానికి నీళ్ళు, కాస్త ఉప్పేసిన పల్చటి మజ్జిగ చాలు.

పెద్దల కూటం

ఆ జూన్‌లో పెద్దలు కూర్చున్నారు. మా వారు నన్ను కూడా రమ్మన్నారు, అది మా సంఘంలో మొదటిసారి. కరపత్రాల మాట వచ్చింది. ఒక పెద్దాయన, నాకు తండ్రిలాంటివారు, నిక్కచ్చిగా అన్నారు: "వాక్యం లేకపోతే అది పరిచర్య ఎలాగవుద్దమ్మా? నీళ్ళు పంచాయతీ కూడా ఇస్తది." సమాధానం నా దగ్గర వెంటనే లేదు. గిన్నెడు చన్నీళ్ళ మాట ప్రభువు అన్నారు కదా, దానికి షరతు ఏమీ పెట్టలేదు కదా అని మా వారు అన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు.

అప్పుడు ఇంకొకాయన డొక్కా సీతమ్మగారి పేరు ఎత్తారు. మా గన్నవరం ఆవిడే, 1841లో పుట్టి 1909లో పోయారు, ఆకలని వచ్చిన వాళ్ళకి ఏ వేళనైనా అన్నం పెట్టిన మనిషి. 2000లో వచ్చిన కొత్త అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు, ఇప్పుడు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. "సీతమ్మగారి ఊళ్ళో ఉండి మనం నీళ్ళకి కాగితం కడుతున్నామా?" అన్నారాయన. బైబిలు వచనానికి కదలని పెద్దాయన దానికి నవ్వేశారు. మన ప్రాంతంలో దానానికి ఒక కొలత ముందే ఉంది. మనం పెట్టేది జనం ఆ కొలతతోనే కొలుస్తారు.

తీర్మానం రెండు ముక్కలు. నీళ్ళ దగ్గర కరపత్రం ఉండదు, మైకు ఉండదు, సంఘం పేరు బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎవరైనా అడిగితే చెప్తాం.

రెండో వేసవి

వీబీఎస్ టైము మార్చడమే అసలు పెద్ద పని అయింది. కొత్త టైము ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం అయిదు తర్వాత ఆటలు మాత్రమే. టీచర్లు గొడవ చేశారు. ఆరున్నరకి ఎవరొస్తారు, ఇంట్లో పనులు ఎవరు చేస్తారు అని. నిజమే. అయితే ఉపాధి పనికి వెళ్ళే నాయనమ్మలు అయిదింటికే లేస్తారు, పిల్లల్ని దారిలో మందిరంలో వదిలి వెళ్తామన్నారు. వాళ్ళకి ఇదే వీలు. పాఠం మొదలుపెట్టే ముందు టిఫిన్ పెట్టాలని అనుకున్నాం: ఒకరోజు ఇడ్లీ, ఒకరోజు ఉప్మా, ఇంకొక రోజు అటుకులు బెల్లం కొబ్బరి. కొబ్బరికాయలు మా దగ్గర కొననక్కర్లేదు, అడిగితే చాలు. స్త్రీల సమాజం పిడికెడు బియ్యం తీసే అలవాటు ఉంది, నాలుగు నెలలు దాచినది దీనికి వాడాం. టిఫిన్ సంగతి బ్యానరు మీద వేయలేదు. పాస్టరు గారు ఇడ్లీలు పెట్టి పిల్లల్ని పోగేస్తున్నారనే మాట రాకూడదని.

హిందువుల పిల్లలు కూడా వస్తారు, ఎప్పుడూ వచ్చేవారు. ఈసారి ఇళ్ళకి వెళ్ళి తల్లులతో, తాతలతో ముందే మాట్లాడాం: బైబిలు కథలు చెప్తాం, పాటలు పాడిస్తాం, లేసు నేర్పుతాం, ఇష్టమైతేనే పంపండి అని. ఇద్దరు వద్దన్నారు. వద్దన్న ఇంట్లో కాఫీ తాగి వచ్చాం. చివరి రోజు 'ఎంతమంది నిర్ణయం తీసుకున్నారు' అని చేతులెత్తించి లెక్క రాసే అలవాటు ఉండేది, అది మానేశాం. ఎనిమిదేళ్ళ పిల్లాడు చెయ్యి ఎత్తేది పక్కవాడు ఎత్తాడనే.

కిట్టులో వచ్చే క్రాఫ్టులు తీసేసి లేసు అల్లిక పెట్టడం మాత్రం ఖర్చు తగ్గించుకోవడానికి చేసింది, ఎంత బాగా కుదిరిందో. నరసాపురం లేసు మా ప్రాంతానికి మిషనరీ స్త్రీల వల్ల వచ్చింది, పందొమ్మిదో శతాబ్దం మాట. 2024లో దానికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అనే ముద్ర) వచ్చింది. మా పేటలో అరవై దాటిన అమ్మమ్మలందరి చేతుల్లో ఆ పనితనం ఉంది. మధ్యవర్తులకి ఇచ్చి గజానికి ఇంతని తీసుకున్న డబ్బులతోనే పిల్లల్ని పెంచారు. వాళ్ళని ఎప్పుడూ టీచర్లు అని ఎవరూ పిలవలేదు. ఒక మామ్మగారు క్రోషా సూది పట్టుకుని, గొలుసు కుట్టు దగ్గర ఒక్కో పిల్ల వేలు పట్టుకుని తిప్పించేది: "దారం లాగొద్దు, రానియ్యి." మగపిల్లలు కూడా కూర్చున్నారు, మొదటి ఏడాది పడిపోయిన ఆ పిల్లాడు ఒక జానెడు అల్లాడు. ముడులెక్కువ, రంధ్రాలు తక్కువ, అయినా అల్లాడు.

ఈ పది రోజుల మధ్యలో మే 15 వచ్చింది, కాటన్ దొర పుట్టినరోజు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినవాడు. మా వైపు ఊళ్ళలో ఆయన విగ్రహానికి ఆ రోజు దండ వేస్తారు, ఏ మతం వాళ్ళయినా. పిల్లల్ని వరసగా విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళాం. అక్కడి నుంచి ఎండిన కాలువ గట్టు మీదకి. అడుగున పగిలిన మట్టి, ప్లాస్టిక్ సీసాలు, ఒక చెప్పు. ఇందులో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి అంటే సగం మంది 'మోటారు నుంచి' అన్నారు. ఆ రోజు బైబిలు పాఠం సగమే అయింది, మిగతా సగం గోదావరి పాఠం. నాకు బాధగా అనిపించలేదు.

ముగింపు కార్యక్రమం ఆదివారం నుంచి శుక్రవారానికి మార్చాం. కువైట్‌లో శుక్రవారం సెలవు, ఇంటిపని వాళ్ళలో కొందరికే దొరుకుతుంది, అయినా దొరికినవాళ్ళకి దొరుకుతుంది. మన టైముకి వాళ్ళు రెండున్నర గంటలు వెనక. ఏడింటికి మొదలుపెట్టాం, వాళ్ళకి నాలుగున్నర. ఏడు ఫోన్లు వరసగా కుర్చీల మీద నిలబెట్టి, పిల్లలు పాడారు. నెట్టు తెగిపోతూ వచ్చింది. ఒక తల్లి మొత్తం కార్యక్రమం వంటింట్లో నిలబడి చూసింది, వెనక కుళాయి నడుస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

రోడ్డు మీద కుండలు

చలివేంద్రాన్ని పేటలోంచి తీసి బస్టాపు పక్కన రావిచెట్టు కింద పెట్టాం. సర్పంచ్ గారిని అడిగాం, పక్కనున్న టీ కొట్టు అతన్ని అంతకంటే ముందు అడిగాం. ఆయన వ్యాపారం పోతుందేమో అని మా భయం. నీళ్ళు తాగినవాడే టీ కూడా తాగుతాడండీ, పెట్టుకోండి అన్నాడు. పదిన్నరకి తెరిచేవాళ్ళం, ఉపాధి పని వాళ్ళు ఆ వేళకే దిగుతారు. ప్లాంటు నీళ్ళ క్యాన్లు, ఇసుకలో పాతిన ఆరు కుండలు, మూతల మీద తడి గోనెసంచి, కాడ ఉన్న గరిటె. కుండలో చెయ్యి ముంచకూడదని రూలు. రోజుకి పది, పన్నెండు క్యాన్లు అయ్యేవి. కానుకల్లోంచి ఎంత, ఎవరు ఇచ్చింది ఎంత అన్నది మందిరం గోడ మీద రోజూ రాశాం.

మొదటి మూడు రోజులు ఆటోవాళ్ళు తాగారు, కూలికి వెళ్ళే ఆడవాళ్ళు తాగారు, బస్సు దిగిన కాలేజీ పిల్లలు తాగారు. పెద్దవీధి వాళ్ళు తాగలేదు. బస్సు కోసం అరగంట నిలబడి, పైట చెంగుతో ముఖం తుడుచుకుంటూ, కుండల వైపు చూసి తల తిప్పుకున్నారు. పోసే అమ్మాయిలు మా పేట అమ్మాయిలు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడంలోనే అంతా ఉంది. అందులో ఒక అమ్మాయి డిగ్రీ రెండో ఏడు, రెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చి గరిటె నా వంటింటి గట్టు మీద పెట్టేసి, "రేపట్నించి నేను రానండి" అంది.

నాలుగో రోజు ఒక కుర్రాడు సలహా ఇచ్చాడు: కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము ఒకటి పెడదాం, ఎవరి నీళ్ళు వాళ్ళే పట్టుకుంటారు. పెట్టాం. ఆ మధ్యాహ్నమే పెద్దవీధి వాళ్ళు తాగడం మొదలుపెట్టారు. డ్రమ్ము నింపింది అదే అమ్మాయిలు, అవే చేతులు. చూడకపోతే చాలు.

దీన్ని విజయం అని రాయాలా, వద్దా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. దాహం తీరింది, నిజం. ఆ తేడాకి మేమే ఒక కుళాయి అమర్చి ఇచ్చాం, అదీ నిజం. వీబీఎస్‌లో ఆ వారం పాఠం సమరయ స్త్రీ. బావి దగ్గర కూర్చుని యేసు నీళ్ళిమ్మని అడిగాడు, యూదులు సమరయులతో కలిసేవారు కాదు, అందుకే నువ్వు యూదుడివి, నన్నెలా అడుగుతున్నావని ఆవిడ నిలదీసింది. పాఠం చెప్పాల్సింది ఆ డిగ్రీ అమ్మాయే, నీళ్ళు పోయడం మానేసినా పాఠం మానలేదు. కథ చెప్పి, పిల్లల్ని కాదు, నన్ను చూసి అడిగింది: "అప్పుడు ఆయన ఆవిడ చేత్తో పోస్తేనే తాగాడా అమ్మగారూ?" తాగాడని చెప్పబోయి ఆగిపోయాను. ఆయన అడిగాడని ఉంది, తాగినట్టు మాత్రం సువార్తలో ఎక్కడా రాసి లేదు. ఇన్నేళ్ళు ఆ పాఠం చెప్పాను, అది చూడలేదు.

రోహిణి కార్తె మొదట్లో పెద్దవీధి ముసలాయన ఒకరు బస్టాపులో కూలబడ్డారు. పన్నెండు గంటలు. మాట తడబడుతోంది, ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు. ముందు రోజే ఏఎన్ఎం మావాళ్ళకి చెప్పి వెళ్ళింది కాబట్టి గాభరా పడలేదు. రావిచెట్టు కిందకి మోసుకొచ్చి, చొక్కా విప్పి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టి, అట్టముక్కలతో విసిరారు. ఎవరో నీళ్ళు పట్టమన్నారు. పూర్తిగా తెలివిలో లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. టీ కొట్టు అతను తన ఫ్రిజ్‌లో ఐసంతా తెచ్చి ఇచ్చాడు. 108 వచ్చేదాకా గుడ్డలు మార్చి మార్చి పెట్టింది మా ఇద్దరమ్మాయిలు, కుండలోంచి గరిటెతో తీసి తీసి. ఆ ఒళ్ళు ముట్టుకోవడానికి ఆ పూట ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆయన బతికారు.

వారం తర్వాత ఆయన కొడుకు వచ్చి రెండు డజన్ల స్టీలు గ్లాసులు ఇచ్చి వెళ్ళాడు, ఒక్కోదాని మీద ఇంటిపేరుతో సహా తండ్రి పేరు చెక్కించి. పెద్దల కూటంలో మళ్ళీ వాదన: మన చలివేంద్రంలో వేరేవాళ్ళ పేరున్న గ్లాసులా? మేం బోర్డు మీద మా పేరే చిన్నగా రాసుకున్నాం కదా, ఆయన పేరు ఉంటే ఏం అని వాడేశాం. ఆ గ్లాసులు కుండల దగ్గరా ఉన్నాయి, డ్రమ్ము దగ్గరా ఉన్నాయి. ఆ కొడుకు బస్సు కోసం వచ్చినప్పుడు ఇప్పటికీ డ్రమ్ము దగ్గరికే వెళ్తాడు. మా అమ్మాయిలకి నమస్కారం పెడతాడు, కుళాయి తిప్పుకుంటాడు.

జూన్‌లో కాలువకి నీళ్ళు వచ్చాయి, పందిరి తీసేశాం. రెండు కుండలు పగిలాయి, నాలుగు స్టోర్‌రూములో బోర్లించి ఉన్నాయి. గ్లాసులు ఇరవై మూడు దొరికాయి. డ్రమ్ము కుళాయి వాషరు అరిగి కారుతోంది. వచ్చే ఏప్రిల్లోపు వాషరు మార్పించాలని కుర్రాళ్ళు అంటున్నారు. డిగ్రీ అమ్మాయి మార్పించొద్దు అంటోంది, డ్రమ్ము లేకపోతే తను మళ్ళీ వచ్చి పోస్తానంటోంది. పెద్దల కూటం వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక.